చదరంగపు గళ్ళ సంఖ్య: పావులూరి మల్లన పేరిటి గణితపద్యం – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య చరిత్రలో 11వ శతాబ్ది అనగానే నన్నయ భారతాంధ్రీకరణమే ముందుగా స్ఫురిస్తుంది. అదే కాలానికి చెందినదిగా ఎక్కువమంది చరిత్రకారులు పరిగణించే పావులూరి మల్లన సారసంగ్రహ గణితానికి మాత్రం సాహిత్య చరిత్రలలో ఒకటి రెండు పేరాలకు మించి చోటు దక్కలేదు. శాస్త్రగ్రంథం కావడం వల్ల సాహిత్య విమర్శకులు దానిని గణితజ్ఞులకు వదిలివేశారు. పద్యరూపంలో ఉండడం వల్ల గణితజ్ఞులు సాహిత్యకారులకు వదిలివేశారు. ఈ రెండు ఉపేక్షల నడుమ మల్లన పేరిట జనశ్రుతిలో నిలిచిన పద్యాలలో చదరంగపు గళ్ళ లెక్కను చెప్పే చంపకమాల ఒకటి. ఒకటో గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా ప్రతి గడికీ రెట్టింపు చేస్తూ పోతే అరవైనాలుగు గళ్ళలో చేరే గింజల మొత్తం ఎంత అన్న ప్రశ్నకు ఆ పద్యం ఇరవై అంకెల సమాధానం ఇస్తుంది.

ఆ సంఖ్య 1,84,46,74,40,73,70,95,51,615. అవధాన సభలలోనూ పాఠశాల పుస్తకాలలోనూ ఇది ఒక వింతగా, ప్రాచీనుల మేధకు నిదర్శనంగా ప్రస్తావనకు వస్తూ ఉంటుంది. ప్రశంస దగ్గరే ఆగిపోవడం వల్ల మూడు ముఖ్యమైన విషయాలు మరుగున పడ్డాయి. అవి ఈ సంఖ్యను రాబట్టే పద్ధతి ఏమిటి, తెలుగువారి నిత్యవ్యవహారంలో దానికి ఉన్న పునాది ఏమిటి, ఈ సంఖ్య గణిత లక్షణాలు పాఠపరిష్కరణకు ఏ మేరకు తోడ్పడతాయి అన్నవి. ఈ మూడింటినీ పరిశీలించి, ఆ పద్యం నుంచి ఏది నిర్ధారించవచ్చునో, ఏది నిర్ధారించరాదో విడదీసి చెప్పడం ఈ వ్యాసం లక్ష్యం.

మల్లన – సారసంగ్రహ గణితం

మల్లన గ్రంథానికి మూలం మహావీరాచార్యుని గణితసారసంగ్రహం. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలంలో, సుమారు క్రీ.శ. 850 ప్రాంతంలో, జైనుడైన మహావీరుడు దానిని సంస్కృతంలో రచించాడు. జ్యోతిషంతో కలపకుండా గణితాన్ని స్వతంత్ర శాస్త్రంగా నిరూపించిన తొలి భారతీయ గ్రంథాలలో అది ఒకటి. ఎం. రంగాచార్య దానిని ఆంగ్లానువాదంతో సహా 1912లో మద్రాసు నుంచి ప్రకటించిన తరువాత ఆధునిక లోకానికి పరిచయమైంది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే అది తెలుగులోకి వచ్చింది. మూలంలోని జైనమత ప్రస్తావనల స్థానంలో శివభక్తి పరమైన ప్రస్తావనలను నిలపడం మల్లన అనువాదంలో కనిపించే ప్రధానమైన మార్పు. శాస్త్రాన్ని స్వీకరించి పరిసరాన్ని మార్చుకొనే ఈ పద్ధతి అనువాద చరిత్రలో ప్రత్యేకంగా గమనింపదగినది.

కవి కాలంపై వాదం ఉంది. 1022లో పట్టాభిషిక్తుడైన రాజరాజనరేంద్రుని వల్ల పిఠాపురం సమీపంలోని నవఖండవాడను పొందిన మల్లన ఒకడు. అతని మనుమడైన మల్లన మరొకడు. గ్రంథకర్త తాతయా మనుమడా అన్నదే ఆ వాదం. తాత అన్నవారికి గ్రంథం నన్నయకు సమకాలికం అవుతుంది. మనుమడు అన్నవారికి అది రెండు తరాల తరువాతిది అవుతుంది. ఎలా చూసినా తెలుగులో లభించిన తొలి శాస్త్రగ్రంథాలలో ఇది అగ్రస్థానంలో నిలుస్తుంది.

పద్య నిర్మాణం: భూతసంఖ్యల కూర్పు

పెద్ద సంఖ్యను ఛందస్సులో ఇమడ్చడానికి భారతీయ శాస్త్రకారులు ఆశ్రయించిన మార్గం భూతసంఖ్యా పద్ధతి. లోకంలో ఇన్ని ఉన్నాయని ప్రసిద్ధమైన వస్తువు పేరే ఆ అంకెకు సంకేతం అవుతుంది. చంద్రుడు ఒకటి, అగ్నులు మూడు, వేదాలు నాలుగు, మన్మథుని బాణాలు ఐదు, కులపర్వతాలు ఏడు, దిగ్గజాలు ఎనిమిది, ఆకాశం సున్న. సంకేతాలను చెప్పే వరుసలో మొదట వచ్చేది ఒకట్ల స్థానం, తరువాత పదుల స్థానం. అంకెల నడక ఎడమవైపుకు సాగుతుందన్న నియమం ఇదే.

చదరంగపు పద్యంలో ఇరవై సంకేతాలు వరుసగా నిలుస్తాయి. అవి మొదటి రెండు పాదాలను నింపి మూడో పాదంలోకి సాగుతాయి. మిగిలిన భాగంలో, ఆ సంఖ్య చదరంగపు గళ్ళలో రెట్టింపుల సంకలితమని చెప్పే వాక్యం ఉంటుంది. సంకేతాలను అంకెల వారీగా కూర్చి చూస్తే కవి ఎంపిక స్పష్టమవుతుంది. ఒకటి మూడుచోట్ల వస్తుంది. మూడుచోట్లా చంద్రవాచకమే, మూడూ వేరువేరు పర్యాయపదాలు. ఐదు మూడుచోట్ల వస్తుంది. మూడుచోట్లా బాణవాచకమే. ఏడు మూడుచోట్ల వస్తుంది. మూడుచోట్లా పర్వతవాచకమే. సున్న రెండుచోట్లా ఆకాశమే. నాలుగు అంకె నాలుగుచోట్ల రాగా అక్కడ మాత్రం సముద్రం రెండుమార్లు, వేదం ఒకమారు, బ్రహ్మముఖం ఒకమారు వాడబడ్డాయి. అంటే కవి చాలా అంకెలకు ఒకే వస్తువును పట్టుకొని, గణాలకు కావలసిన గురులఘువులను బట్టి పర్యాయపదాన్ని మార్చుకొన్నాడు. సంకేతాలు గుర్తుంచుకోవలసిన విద్యార్థికి ఈ నిలకడ ఎంతో సహాయకారి.

మరొక విశేషం. రెండును అరవైమూడుసార్లు రెట్టిస్తూ పుట్టిన ఈ సంఖ్యలో రెండు అన్న అంకె ఎక్కడా లేదు. అందువల్ల నేత్ర, పక్ష, కర వంటి సుపరిచిత సంకేతాలకు ఈ పద్యంలో అవకాశమే రాలేదు.

స్థాన సంజ్ఞలు

ఇరవై అంకెల సంఖ్యను చదవడానికి ఆనాటి గణితంలో పేర్లు ఉన్నాయా అన్న సందేహం సహజం. మహావీరుడు ఏకం మొదలు మహాక్షోభం వరకు ఇరవైనాలుగు స్థానాలకు పేర్లు చెప్పాడు. శతకోటి తరువాత అర్బుదం, న్యర్బుదం, ఖర్వం, మహాఖర్వం, పద్మం, మహాపద్మం, క్షోణి, మహాక్షోణి, శంఖం, మహాశంఖం వరుసగా వస్తాయి. మహాశంఖం ఇరవయ్యో స్థానం. కాబట్టి చదరంగపు సంఖ్యలో మొదటి అంకె ఒక మహాశంఖం, తరువాతిది ఎనిమిది శంఖాలు, ఆపై నాలుగు మహాక్షోణులు, నాలుగు క్షోణులు, ఆరు మహాపద్మాలు, ఏడు పద్మాలు. ఈ వరుసలో న్యర్బుద స్థానం, కోటి స్థానం ఖాళీ. మూలగ్రంథం అందించిన స్థాన వ్యవస్థలో ఈ సంఖ్య పూర్తిగా ఇమిడి, పైన ఇంకా నాలుగు స్థానాలు మిగులుతాయి. అప్పటి విద్యార్థికి ఇది ఊహకందని రాశి కాదు, పేరుపెట్టి పలకగలిగిన రాశి.

ఆరు వర్గాల లెక్క

అరవైమూడుసార్లు రెట్టించి, అరవైనాలుగు సంఖ్యలను కూడితే గానీ ఈ మొత్తం రాదని అనుకోవడం సాధారణం. మహావీరుని గ్రంథంలోని గుణశ్రేఢి విధానం అంత శ్రమ కోరదు. గచ్ఛం, అనగా పదాల సంఖ్య, సరి అయితే సగం చేయాలి, బేసి అయితే ఒకటి తీసివేయాలి. సగం చేసిన ప్రతిచోటా వర్గం చేయాలి, ఒకటి తీసిన ప్రతిచోటా గుణకంతో హెచ్చించాలి. ఈ ఆలోచనకు బీజం పింగళుని ఛందస్సూత్రాలలోనే ఉంది. వృత్తభేదాలను లెక్కించడానికి ఛందశ్శాస్త్రం కనిపెట్టిన ఉపాయం గణితంలో శ్రేఢులను కూడడానికి పనికివచ్చింది. ఆ గణితఫలం మళ్ళీ చంపకమాలలో చేరడం రెండు శాస్త్రాల మధ్య పరస్పర ఋణానికి చక్కని ఉదాహరణ.

అరవైనాలుగును సగం చేస్తూపోతే 32, 16, 8, 4, 2, 1 వస్తాయి. మధ్యలో బేసి ఎదురుకాదు. కాబట్టి రెండును ఆరుసార్లు వర్గం చేస్తే చాలు. 2 వర్గం 4, దాని వర్గం 16, దాని వర్గం 256, దాని వర్గం 65,536, దాని వర్గం 4,29,49,67,296. ఆరోసారి వర్గం చేస్తే 1,84,46,74,40,73,70,95,51,616. అందులో ఒకటి తీసివేస్తే గళ్ళ మొత్తం. చివరి వర్గం తప్ప మిగిలిన ఐదూ ఒక పలకపై ఇమిడే లెక్కలు. చివరిది పది అంకెల సంఖ్యను అదే సంఖ్యతో గుణించడం. ఓపిక కావాలి గాని అసాధ్యమేమీ కాదు.

ఈ సంఖ్య తెలుగునాటికే పరిమితమైనది కాదు. ఖ్వారిజ్మ్ పండితుడు అల్ బీరూనీ క్రీ.శ. 1000 ప్రాంతంలో ప్రాచీన జాతుల కాలగణనపై రచించిన గ్రంథంలో ఇదే చదరంగపు మొత్తాన్ని వర్గాల పద్ధతితోనే సాధించాడు. చదరంగాన్ని కనిపెట్టినవాడు రాజును గింజలు కోరిన కథను 13వ శతాబ్దిలో ఇబ్న్ ఖల్లికాన్ నమోదు చేశాడు. భారతదేశం నుంచి పారశీకం మీదుగా అరబ్బు ప్రపంచానికి చదరంగం వెళ్ళిన దారిలోనే ఈ లెక్క కూడా ప్రయాణించింది. కనుక తెలుగు పద్యం ఒంటరి అద్భుతం కాదు. విస్తృతమైన ఒక విద్వత్సంప్రదాయంలో తెలుగు భాష పాలుపంచుకొన్నదనడానికి సాక్ష్యం. సాహిత్య చరిత్రకు ఈ రెండో మాటే ఎక్కువ విలువైనది.

కుంచం చెప్పే రుజువు

మొత్తం ఎప్పుడూ తరువాతి గడి కంటే ఒకటి తక్కువ ఎందుకవుతుంది? సూత్రాన్ని ఆశ్రయించకుండానే దీనిని తెలుగువారి ధాన్యపు కొలతలు నిరూపిస్తాయి. ప్రాంతాన్ని బట్టి పాత్రల పరిమాణాలు మారినా, వాటి క్రమం చాలాచోట్ల ఒకటే. రెండు గిద్దలు ఒక అరసోల, రెండు అరసోలలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. గిద్ద నుంచి ఆరు రెట్టింపులకు కుంచం వస్తుంది. కుంచానికి అరవైనాలుగు గిద్దలు. ఆపై నాలుగు కుంచాలు తూము. తూముల దగ్గర ఈ రెట్టింపు క్రమం ఆగి, ఇరవై తూములు పుట్టి అవుతుంది.

ఖాళీ కుంచంలో వరుసగా ఒక గిద్ద, ఒక అరసోల, ఒక సోల, ఒక తవ్వ, ఒక మానిక, ఒక అడ్డ ధాన్యం పోస్తే కుంచం నిండుతుందా? ఒక గిద్ద తక్కువగా నిలుస్తుంది. మరొక గిద్ద పోస్తే మొదటి గిద్దతో కలిసి అరసోల అవుతుంది, అది ఉన్న అరసోలతో కలిసి సోల అవుతుంది, అది తవ్వగా, తవ్వ మానికగా, మానిక అడ్డగా, చివరకు అడ్డ కుంచంగా పూర్తవుతుంది. చదరంగపు బల్లపై జరిగేది సరిగ్గా ఇదే. అరవైనాలుగు గళ్ళ మొత్తానికి ఒక్క గింజ కలిపితే లేని అరవైఐదో గడి నిండుతుంది. ఆ గడి విలువ రెండును అరవైనాలుగుసార్లు హెచ్చించగా వచ్చేది. అందులో ఒకటి తక్కువే పద్యంలోని సంఖ్య.

ఈ పోలికను బట్టి కొలపాత్రల నుంచే ఆ లెక్క పుట్టిందని చెప్పరాదు. ఒక కుంచానికి అరవైనాలుగు గిద్దలుండడం, బల్లపై అరవైనాలుగు గళ్ళుండడం యాదృచ్ఛికమే. కానీ రెట్టింపు అనే ప్రక్రియ తెలుగు రైతుకూ ధాన్యపు వర్తకునికీ చేతివాటంగా ఉండేదనడంలో సందేహం లేదు. ఆ పద్యం చెప్పే సూత్రం, దాని శ్రోతల ఇళ్ళలో వరుసగా బోర్లించిన పాత్రలలో అప్పటికే ఉంది.

భిన్నపు గుర్తులు – కంఠాభరణం

ఇదే క్రమం తెలుగు భిన్నాలలోనూ కనిపిస్తుంది. కాలు, అర, ముప్పాతిక అన్నవి నాలుగో వంతులు. కాలులో నాలుగో వంతు వీసం, రెండు వీసాలు పరక, మూడు వీసాలు మువ్వీసం. వీసంలో నాలుగో వంతు కాని, అనగా అరవైనాలుగో వంతు. పూర్వపు లెక్కలలో వీటికి ప్రత్యేక లిపిచిహ్నాలు ఉండేవి. కాలుకు ౹, అరకు ౺, ముప్పాతికకు ౻, వీసానికి ౼, పరకకు ౽, మువ్వీసానికి ౾. నిలువు గీతలు ఒక స్థానానికి, అడ్డగీతలు తరువాతి స్థానానికి. ఇలా ఒకదాని తరువాత ఒకటి మారుతూ సాగే ఈ వ్యవస్థ నాలుగు ఆధారంగా గల స్థానసంఖ్యా పద్ధతే. 2008లో వెలువడిన యూనికోడ్ 5.1 సంచికలో ఈ గుర్తులకు స్థానం లభించింది. పూర్ణాంకాలకు దశాంశ పద్ధతి, భిన్నాలకు చతురంశ పద్ధతి అన్న ద్వంద్వ వ్యవస్థ తెలుగు లేఖన చరిత్రలోని అరుదైన విశేషం.

ఒక గిద్ద తక్కువ కుంచాన్ని ఈ పద్ధతిలో చెబితే ముప్పాతిక, మువ్వీసం, మూడు కానులు. అంటే ప్రతి స్థానంలోనూ మూడే. పాత్రల భాషలో మూడు మానికలు, మూడు సోలలు, మూడు గిద్దలు. చదరంగపు సంఖ్యను కూడా నాలుగు ఆధారంగా వ్రాస్తే వరుసగా ముప్పైరెండు మూళ్ళు వస్తాయి, మరొక అంకె రాదు. దశాంశంలో క్రమం లేనట్టు కనిపించి, ఇరవై సంకేతాలను కంఠస్థం చేయవలసిన సంఖ్య, తెలుగు భిన్నాల పద్ధతిని పూర్ణాంకాలకు విస్తరిస్తే ఒకే పూస గుచ్చిన దండ అవుతుంది.

దండ అన్న మాట ఇక్కడ అలంకారం కోసం వాడినది కాదు. క్రమబద్ధమైన అంకెలతో ఏర్పడే గుణకారఫలాలను మహావీరుడు కంఠాభరణాలతో పోల్చాడు. 139ని 109తో గుణిస్తే 15151. 1,52,207ను 73తో గుణిస్తే 1,11,11,111. ఎటునుంచి చదివినా ఒకటిగా ఉండే ఇలాంటి సంఖ్యలను అతడు ఆభరణాలుగా భావించాడు. సంఖ్య విలువతో పాటు దాని రూపాన్ని కూడా ఆస్వాదించే దృష్టి మల్లన అనుసరించిన మూలగ్రంథంలోనే ఉంది. చదరంగపు సంఖ్య ఆ దృష్టికి తగిన సంఖ్యే. అయితే దాని ఆభరణత్వం దశాంశంలో దాగి, నాలుగింటి లెక్కలో వెల్లడవుతుంది.

కారణాంకాలు: ప్రతి వర్గం వదిలిన జాడ

ఈ సంఖ్యను భాగించే సంఖ్యలు ఏవి అన్న ప్రశ్నకు కూడా ఆరు వర్గాల పద్ధతే సమాధానం ఇస్తుంది. ఏ వర్గంలోనుంచైనా ఒకటి తీసివేస్తే, మిగిలినది వర్గమూలానికి ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ అయిన రెండు సంఖ్యల లబ్ధం. దీనిని మళ్ళీ మళ్ళీ ప్రయోగిస్తే చదరంగపు సంఖ్య ఆరు సంఖ్యల లబ్ధంగా విడిపోతుంది. అవి 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297. ఒక్కొక్క వర్గీకరణ మెట్టులో వచ్చిన సంఖ్యకు ఒకటి కలిపితే ఒక్కొక్క కారణాంకం.

ఫ్రాన్సు దేశపు గణితవేత్త ఫెర్మా 17వ శతాబ్దిలో ఈ వరుస సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని ఊహించాడు. మొదటి ఐదు నిజంగానే ప్రధానాలు. ఆరోది కాదని, అది 641, 67,00,417 అనే రెండు సంఖ్యల లబ్ధమని ఆయిలర్ 1732లో చూపాడు. 1796లో గౌస్ పదిహేడు భుజాల క్రమబహుభుజిని వృత్తలేఖిని, స్కేలు మాత్రమే ఉపయోగించి గీయవచ్చునని నిరూపించినప్పుడు ఇదే శ్రేణిలోని 17కు కొత్త ప్రాముఖ్యం వచ్చింది. మొత్తం మీద చదరంగపు సంఖ్యకు ఏడు ప్రధాన కారణాంకాలు. అవి 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఏదీ రెండుసార్లు రాదు కనుక దీని భాజకాల సంఖ్య రెండును ఏడుసార్లు హెచ్చించగా వచ్చే 128. రెట్టింపుల నుంచి పుట్టిన సంఖ్యకు భాజకాలు కూడా రెట్టింపుల లెక్కనే అనుసరించాయి. నేటి అరవైనాలుగు బిట్ల కంప్యూటర్లు ఒక గడిలో నిలుపుకోగల అతి పెద్ద పూర్ణాంకం కూడా ఇదే. అరవైనాలుగు గళ్ళలో ప్రతిదీ నిండితే వచ్చే మొత్తమే అది.

పాఠ నిర్ణయంలో సంఖ్య పాత్ర

భూతసంఖ్యలతో కూడిన పద్యాలలో పాఠభేదాలు ప్రమాదకరం. సాధారణ పద్యంలో ఒక పర్యాయపదం మారితే అర్థం నిలుస్తుంది. ఇక్కడ కూడా చంద్రుని స్థానంలో మరొక చంద్రవాచకం వస్తే ఇబ్బంది లేదు. కానీ వస్తువే మారితే లెక్క చెడుతుంది. దానికి తోడు కొన్ని సంకేతాలకు రెండు విలువలున్నాయి. సముద్రం సాధారణంగా నాలుగు, సప్తసముద్రాల ప్రసిద్ధిని బట్టి కొన్నిచోట్ల ఏడు. రంధ్రం సాధారణంగా తొమ్మిది, కొందరి వాడుకలో సున్న. ఛందస్సు ఈ సందేహాలను తీర్చదు. గణితం తీరుస్తుంది.

మొదటిది, చదివే దిశ. రెండు ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 అన్న చక్రంలో తిరుగుతాయి. అరవైనాలుగు నాలుగుచేత భాగింపబడుతుంది కనుక అరవైనాలుగో ఘాతం 6తో ముగియాలి, ఒకటి తీస్తే 5 మిగలాలి. పద్యంలో మొదటి సంకేతం ఐదు, చివరిది ఒకటి. కాబట్టి మొదటిదే ఒకట్ల స్థానం. ఎడమ నడక నియమాన్ని సంప్రదాయం చెప్పినందువల్లనే అంగీకరించనక్కరలేదు, పద్యమే దానిని ధ్రువపరుస్తోంది.

రెండవది, అంకెల శుద్ధి. భారతీయ గణితంలో పరిచితమైన నవశేష పరీక్ష ప్రకారం అంకెల మొత్తం 87, దాని నవశేషం 6. రెండు అరవైనాలుగో ఘాతానికి నవశేషం 7, ఒకటి తీస్తే 6. పరీక్ష సరిపోయింది. అయితే ఇరుగుపొరుగు అంకెలు తారుమారైతే ఈ పరీక్ష పసిగట్టలేదు. మూడుతో భాగించి చూడడం ఇంకా బలహీనం. సముద్రాన్ని నాలుగుకు బదులు ఏడుగా చదివితే తేడా మూడే కనుక ఆ పొరపాటు మూడు పరీక్షకు దొరకదు. ఇక్కడ 17 అనే కారణాంకం ప్రయోజనం కనిపిస్తుంది. ఒక అంకె ఏ విధంగా మారినా తేడా ఒకటి నుంచి తొమ్మిది లోపు అంకెను పది ఘాతంతో గుణించినదే. అది 17 చేత భాగింపబడదు. పక్కపక్క అంకెలు తారుమారైనా తేడా 17 చేత భాగింపబడదు. కాబట్టి పద్యం నుంచి రాబట్టిన సంఖ్యను 17తో భాగించి శేషం సున్న వస్తే, ఒక అంకె తప్పుగాని పక్క అంకెల తారుమారుగాని జరగలేదని మొత్తం గుణకారం మళ్ళీ చేయకుండానే చెప్పవచ్చు. రెండు సముద్రాలనూ ఏడుగా చదివినా 17 ఆ పొరపాటును బయటపెడుతుంది. ప్రచారంలో ఉన్న పాఠం ఈ పరీక్షలన్నింటిలోనూ నెగ్గుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. సంఖ్య శుద్ధంగా ఉన్నదంటే పాఠం శుద్ధంగా ఉన్నదని మాత్రమే అర్థం. పద్యం ఫలానా కవిదని, ఫలానా శతాబ్దిదని దానివల్ల తేలదు. రెండు ఘాతాలు కాలంతో మారవు. పదకొండో శతాబ్దిలో లెక్కించినా పద్దెనిమిదో శతాబ్దిలో లెక్కించినా ఇవే ఇరవై అంకెలు వస్తాయి. గ్రహణాల తిథులను పేర్కొన్న శాసనానికి ఖగోళగణితం కాలనిర్ణయం చేయగలదు, ఎందుకంటే ఆకాశంలోని సంఘటనకు కాలం ఉంది. చదరంగపు సంఖ్యకు కాలం లేదు. కర్తృత్వ నిర్ణయం తాళపత్ర ప్రతుల పరంపర మీద, భాష మీద, ఛందోరీతుల మీద ఆధారపడవలసినదే. లెక్క సరిపోయిందన్న ఆనందంలో ఈ రెండు ప్రశ్నలను ఒకటిగా కలిపివేయడం వల్ల శాస్త్రపద్యాలపై అతిశయోక్తులు పెరిగాయి. అదే అతిశయోక్తి తీవ్రమైన పరిశోధకులను ఈ సాహిత్యం నుంచి దూరం చేసింది కూడా.

పరిమాణం: అనుభవానికి అందే కొలత

పద్యంలోని సంఖ్య ఎంత పెద్దదో తెలుసుకోవడానికి బియ్యపు గింజనే ఆశ్రయించడం ఉచితం. ఒక గింజ బరువు సుమారు 20 మిల్లీగ్రాములు అనుకొంటే, మొదటి రెండు వరుసల పదహారు గళ్ళలో చేరేది 65,535 గింజలు, దాదాపు ఒక కిలో మూడు వందల గ్రాములు. ఒక కుటుంబం రెండు మూడు పూటలు వండుకొనే బియ్యం. సగం బల్ల నిండేసరికి 4,29,49,67,295 గింజలు, దాదాపు 86 టన్నులు. పది టన్నుల లారీలు తొమ్మిది చాలు. ఇంతవరకు రాజు కాదు, ఒక మోతుబరి రైతు కూడా ఇవ్వగలడు. మిగిలిన ముప్పైరెండు గళ్ళు పూర్తయ్యేసరికి మొత్తం సుమారు 36,900 కోట్ల టన్నులు. నేడు ప్రపంచమంతా ఒక ఏడాదిలో పండించే బియ్యం 50 కోట్ల టన్నులకు కొంచెం పైన. అంటే ఈ ఋణం తీర్చడానికి నేటి ప్రపంచానికి సుమారు ఏడు వందల ఏళ్ళు పడుతుంది.

ఆ బియ్యం ఆక్రమించే ఘనపరిమాణం దాదాపు 460 ఘన కిలోమీటర్లు. తెలంగాణ విస్తీర్ణం 1,12,077 చదరపు కిలోమీటర్లు. రాష్ట్రమంతటా సమంగా పరిస్తే పడమటి మెట్టభూముల నుంచి తూర్పున పినపాక, భద్రాచలం అడవుల దాకా నాలుగు మీటర్ల లోతున బియ్యం నిలుస్తుంది. పినపాక మండలం అంచున ఒరుసుకొంటూ భద్రాచలం వైపు సాగే గోదావరిని కొలతగా తీసుకొన్నా ఇదే భావన కలుగుతుంది. గోదావరి పరీవాహక ప్రాంతపు సగటు వార్షిక నీటి లభ్యత సుమారు 110 ఘన కిలోమీటర్లు. నదిలో నీటికి బదులు బియ్యమే ప్రవహిస్తే, చదరంగపు బల్లను నింపడానికి నాలుగేళ్ళకు పైగా పడుతుంది. క్షణానికి ఒక గింజ చొప్పున లెక్కపెడితే 58,000 కోట్ల సంవత్సరాలు కావాలి. విశ్వం వయస్సు 1,380 కోట్ల సంవత్సరాలు అనుకొంటే అది నలభై రెట్లకు మించినది.

ఈ పోలికలలో గమనింపదగినది మొత్తం పరిమాణం కాదు, సగం బల్లకూ నిండు బల్లకూ గల వ్యత్యాసం. తొమ్మిది లారీలకూ నాలుగేళ్ళ గోదావరికీ మధ్య ఉన్న దూరం ముప్పైరెండు రెట్టింపులే. కథలోని రాజు పొరపాటు లెక్క రాకపోవడం కాదు, మొదటి గళ్ళను చూసి చివరి గళ్ళను ఊహించడం. వడ్డీ మీద వడ్డీ పెరిగే అప్పుల విషయంలో పల్లెలు ఎరిగిన సత్యం కూడా అదే. గణితపద్యాలను వినోదంగా కాక వ్యవహార శిక్షణగా చూడవలసిన అవసరాన్ని ఇది సూచిస్తుంది.

ఉపసంహారం

పై పరిశీలన వల్ల కొన్ని విషయాలు నిర్ధారణ అవుతున్నాయి. చదరంగపు గళ్ళ పద్యంలోని ఇరవై సంకేతాలు రెండు అరవైనాలుగో ఘాతం కంటే ఒకటి తక్కువైన సంఖ్యను నిర్దోషంగా అందిస్తున్నాయి. ఆ సంఖ్యను రాబట్టడానికి కావలసిన వర్గీకరణ పద్ధతి, పలకడానికి కావలసిన స్థాన సంజ్ఞలు మల్లన అనువదించిన మూలగ్రంథంలోనే ఉన్నాయి. దాని వెనుక ఉన్న సూత్రానికి గిద్ద నుంచి కుంచం వరకు సాగే ధాన్యపు కొలతలలోనూ, కాలు నుంచి కాని వరకు సాగే భిన్నాలలోనూ ప్రత్యక్ష రూపం ఉంది. తెలుగు భిన్నాల చతురంశ దృష్టితో చూస్తే ఆ సంఖ్య ముప్పైరెండు మూళ్ళ దండ.

దాని కారణాంకాలు పాఠశుద్ధిని పరీక్షించే సాధనాలు అవుతున్నాయి. అయితే ఆ సాధనాలు కర్తృత్వాన్ని గాని కాలాన్ని గాని నిర్ణయించలేవు. ఈ హద్దును గుర్తించినప్పుడే శాస్త్రపద్యాల అధ్యయనం ప్రశంస నుంచి పరిశోధన వైపు నడుస్తుంది. సారసంగ్రహ గణితంలోని మిగిలిన సంఖ్యాపద్యాలకు కూడా ఇదే విధంగా గణిత పరీక్షను, ప్రతుల పరిశీలనను వేరువేరుగా జరిపి, చివరకు రెండు ఫలితాలను ఎదురెదురుగా నిలపడం తెలుగు శాఖలూ గణితశాఖలూ కలిసి చేపట్టవలసిన పని. పద్యం ఛందస్సు చేత నిలిచింది, సంఖ్య లెక్క చేత నిలిచింది. ఆ రెండింటినీ ఒకేసారి చదవగల పాఠకుని కోసమే మల్లన సంప్రదాయం ఈ రచనలను అందించింది.